స్కిమ్మర్ కొనే ముందు ఈ మాట విను, అబ్బీ

అబ్బీ,

ప్రొద్దుటూరులో కడుతున్న కొత్త ఇంట్లో హాలు గోడ పొడవునా ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని నిశ్చయించుకున్నావని మీ నాయన చెప్పినాడు. నాకు చాలా సంతోషంగా ఉంది. వెలుగొండలు దాటితే గానీ సముద్రం కనిపించని చోట మనం పుట్టాం. మన ఇంటి పిల్లలు చాప మీద కూర్చుని సముద్రపు చేపల్ని చూస్తారంటే అంతకంటే ముచ్చట ఏముంటుంది? జమ్మలమడుగులో మీ బావ, పులివెందులలో నీ స్నేహితుడు కూడా నీది చూశాక తామూ పెడతామంటున్నారట. అందుకని నీకు చెప్పేది ఆ ఇద్దరికీ కూడా పనికొచ్చేలా చెబుతాను.

నువ్వు పంపిన నాలుగు ప్రొటీన్ స్కిమ్మర్ల ఫోటోలు చూశాను. నాలుగు పెట్టెల మీదా ఒకటే రాత, ఇన్ని వందల లీటర్ల నుంచి ఇన్ని వేల లీటర్ల దాకా సరిపోతుందని. దాన్నిబట్టి ఏది కొనాలో చెప్పమన్నావు. ఆ అంకె చూసి కొనొద్దు. నీ తొట్టిలో ఎంత మేత పడుతుంది, నీ ఇంట్లో కరెంటు ఎట్లా ఉంటుంది, పెద్ద తొట్టి కింద ఉండే నీ సంపు తొట్టిలో నీళ్లు ఎంత లోతున నిలుస్తాయి, ఈ మూడూ చూసి కొను. నెల్లూరు తీరంలో రొయ్యపిల్లల హేచరీల్లో ఇన్నేళ్లు ఉప్పునీళ్లతోనే బతికినవాణ్ణి, ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను.

ముందు అది చేసే పని బాగా అర్థం చేసుకో. అది అర్థమైతే అంగట్లో ఎవరూ నిన్ను తికమక పెట్టలేరు. చేప తినగా మిగిలిన మేత, దాని పెంట, ఒంటి జిగట, అన్నీ నీళ్లలో కరుగుతాయి. వాటిలోని ప్రొటీన్ల లాంటి పదార్థాలకు ఒక కొస నీటిని పట్టుకునేది, ఇంకో కొస నీటికి దూరం జరిగేది. అందుకే అవి గాలీ నీరూ తాకే అంచుకు చేరి అక్కడ అతుక్కుంటాయి. స్కిమ్మర్ ఆ అంచును ఎన్నో రెట్లు పెంచుతుంది. నిలువు గొట్టంలో సన్నని బుడగల్ని లెక్కలేనన్ని వదిలితే, ఒక్కొక్క బుడగ తన చుట్టూ మలినాన్ని అంటించుకుని పైకి వస్తుంది. మెడ దగ్గర బుడగల మధ్య నీళ్లు కిందికి జారిపోయి నురుగు చిక్కబడుతుంది, పైనున్న కప్పులోకి పొర్లుతుంది. బెల్లం వండేటప్పుడు పెనంలో పైకి తేలిన మడ్డిని తీసి పారేస్తారు చూడు, ఇదీ ఆ పనే.

దీని విలువ ఎక్కడుందంటే, మలినం కుళ్లక ముందే నీళ్లలోంచి బయటికి పోతుంది. స్పాంజి ఫిల్టరు దాన్ని పట్టి ఉంచుతుంది గానీ, నువ్వు స్పాంజి కడిగేదాకా అది నీళ్లలో ఉన్నట్టే. అక్కడే కుళ్లి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, నైట్రేటుగా మారుస్తుంది. స్కిమ్మర్ కప్పులో పడిన నల్లటి నీళ్లు మాత్రం మళ్లీ తొట్టి ముఖం చూడవు.

ఇంకొక సంగతి. మంచినీళ్లలో బుడగలు ఒకదానికొకటి తగలగానే కలిసి పెద్దవైపోతాయి. ఉప్పు ఉంటే అట్లా కలవడం తగ్గి, సన్నగా, విడివిడిగా నిలుస్తాయి. మంచినీటి తొట్లలో ఇట్లాంటి స్కిమ్మర్ పనిచేయకపోవడానికి ముఖ్య కారణం ఇదే. కాబట్టి అంగడి వాళ్లు బకెట్టు మంచినీళ్లలో పెట్టి నడిపి చూపిస్తే, మోటారు చప్పుడు ఎంతుందో తెలుస్తుంది, అంతే. దాని పనితనం తెలియదు.

ఇక పెట్టె మీది అంకె సంగతి. నువ్వు చూసే వీడియోల్లో అమెరికా, యూరప్ వాళ్ల తొట్లు నిండా పగడాలు, నాలుగైదు చిన్న చేపలు. వాళ్ల మేత తక్కువ, మలినం తక్కువ. జర్మనీలో బెర్లిన్ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాయి, గట్టి స్కిమ్మర్, ఈ రెండే ఆధారం. మనకు ఆ దారి లేదు. మన దేశంలో రాతి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, సముద్రగుర్రాలకు కూడా. ఎవరైనా చాటుమాటుగా పగడం ముక్క తెచ్చిస్తామంటే వద్దని చెప్పు. చట్టానికి భయపడి మాత్రమే కాదు, మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో ఏళ్ల తరబడి పెరిగిన ప్రాణిని మన హాలు కోసం పీకించడం తప్పు. సముద్రంలోంచి తీసిన పగడపు రాయి కూడా వద్దు. మట్టితో, సెరామిక్‌తో చేసిన రాళ్లు వాడు, బ్యాక్టీరియా నిలవడానికి సంపులో విడిగా మీడియా వేసుకో.

అంటే నీది చేపల తొట్టి. చేపల తొట్టి అన్నాక చూడడానికి నిండుగా ఉండాలని ఏంజెల్లు, టాంగ్‌లు, ట్రిగ్గర్లు అంటావు, పిల్లలు లయన్ ఫిష్ అడుగుతారు. ఇవన్నీ బాగా తినే చేపలు. రోజూ రొయ్య ముక్కలు, చేప ముక్కలు పడతాయి. పెట్టె మీద తక్కువ భారానికి ఒక అంకె, ఎక్కువ భారానికి ఒక అంకె ఇస్తే, ఎక్కువ భారానిదే నీ అంకె. ఒకే అంకె ఉంటే అది తక్కువ భారానిదనే అనుకో, అందులో సగాన్నే నమ్ము. చేపల్ని కొనేటప్పుడు హేచరీలో గుడ్డు నుంచి పెంచిన క్లౌన్ చేపలు దొరుకుతాయేమో ముందు అడుగు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు వాటిని ట్యాంకుల్లో పెంచే పద్ధతి ఎప్పుడో నేర్పినారు. తొట్టిలో పుట్టిన చేపకు ముక్కల మేత అలవాటై ఉంటుంది, సముద్రంలో పట్టిన చేప కంటే బాగా బతుకుతుంది.

లెక్క వేద్దాం. ఆరు అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండున్నర ఎత్తు అన్నావు. 37.5 ఘనపుటడుగులు, అంటే సుమారు 1,060 లీటర్లు. పైన ఖాళీ, లోపల రాళ్లు, ఇసుక తీసేసి, కింద సంపు తొట్టి నీళ్లు కలిపితే వెయ్యి లీటర్లకు కాస్త అటూ ఇటూ. లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం రావాలంటే మొదటిసారికే 35 నుంచి 38 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. వంటింటి ఉప్పు దానికి పనికిరాదు. చేపలు బాగా తినే ఈ వెయ్యి లీటర్లకు నేనైతే గంటకు ఇంచుమించు వెయ్యి లీటర్ల గాలి పీల్చే స్కిమ్మర్ చూస్తాను. ఒళ్లు ఎనిమిది అంగుళాల వ్యాసం ఉండాలి. మెడ మరీ వెడల్పు కాకూడదు. గాలి ఎంత పీలుస్తుందో రాయకుండా నీళ్లు ఎన్ని లీటర్లు పంపు చేస్తుందో మాత్రమే గొప్పగా రాసినవాటిని పక్కన పెట్టు. స్కిమ్మర్‌లో పనిచేసేది గాలి. నీళ్లు నెమ్మదిగా పోయినా ఫరవాలేదు, బుడగతో ఎక్కువసేపు కలిసి ఉండాలి.

మరీ పెద్దది కొంటే ఇంకా మంచిది కదా అని అడుగుతావు. కాదు. నురుగు నిలవాలంటే నీళ్లలో తగినంత మలినం ఉండాలి. మూడు వేల లీటర్ల తొట్టికి చేసిన వెడల్పు మెడ స్కిమ్మర్‌ను వెయ్యి లీటర్లకు పెడితే నురుగు మెడ దాకా వచ్చి కూలిపోతుంది, ఒక్కరోజు మేత ఎక్కువైతే మాత్రం ఉన్నట్టుండి పొర్లుతుంది. ఆ హెచ్చుతగ్గులు సరిచేస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో కెన్ ఫెల్డ్‌మన్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు 2009లో స్కిమ్మర్ల పనిని కొలిచి చూశాడు. కొలవగలిగిన మొత్తం సేంద్రియ కార్బన్‌లో 20 నుంచి 30 శాతం దాకా తీసి, అక్కడితో అవి ఆగిపోయాయని తేల్చాడు. మిగతాది బుడగకు అతుక్కునే రకం కాదు. స్కిమ్మర్ దండగని నేనంటున్నానని అనుకోకు. ఆ 20, 30 శాతం పోవడం వల్లనే చేపల తొట్టి తేటగా, వాసన లేకుండా నిలుస్తుంది. నువ్వు గ్రహించాల్సింది వేరే. రెండింతలు ధర పెట్టిన స్కిమ్మర్ రెండింతలు మలినం తీయదు. మధ్యరకం మంచిది కొను, మిగిలిన డబ్బు నీళ్ల శుద్ధికీ, ఇన్వర్టర్‌కూ పెట్టు. వారం పది రోజులకు వంద లీటర్ల నీళ్లు మార్చడం, కాస్త యాక్టివేటెడ్ కార్బన్ వేయడం మాత్రం తప్పవు.

నీ నాలుగు ఫోటోల సంగతి చెబుతాను. గాలిరాయితో బుడగలు చేసేది వద్దు. కొయ్యతో చేసే ఆ గాలిరాళ్లు కొద్ది వారాలకే మూసుకుపోతాయి, మార్చడానికి ప్రొద్దుటూరులో దొరకవు. తొట్టి అంచుకు వేలాడదీసేది చిన్న తొట్లకు సరే, వెయ్యి లీటర్లకు చాలదు. రెండున్నర అడుగుల పైన ఎత్తుండే పెద్దది నీ క్యాబినెట్‌లో పట్టదు. నాలుగోది, సూదుల చక్రం తిరుగుతూ గాలిని ముక్కలు చేసే పంపున్నది, ఎనిమిది అంగుళాల ఒళ్లు, 24 వోల్టుల డీసీ మోటారు. నీకు తగింది ఆ రకం. అదే బ్రాండు కావాలని లేదు. ఆ రకంలో దేనికి పంపు, చక్రం, కప్పు రింగు హైదరాబాదులోనో బెంగళూరులోనో విడిగా దొరుకుతాయో దాన్ని కొను. ఆ చక్రం విరిగే భాగం. విడి చక్రం ఒకటి మొదటి రోజే కొని ఇంట్లో పెట్టుకో.

అమెరికాలో ఉన్న మీ చిన్నాయన కొడుకు సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తానన్నాడట. ప్రేమతో అన్న మాటే, కానీ ఏసీ మోటారుదైతే వద్దను. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ పంపును నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్జ్ మారదు. ఈ అయస్కాంతపు పంపులు హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతాయి కాబట్టి వేగం ఆరో వంతు పడిపోతుంది, గాలి తగ్గుతుంది, డబ్బిచ్చి కొన్న పని రాదు. గల్ఫ్ నుంచి తెచ్చేవాళ్లు కూడా చూసుకోవాలి. కువైట్ కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, సౌదీది 60. డీసీ పంపులకు ఈ బాధ లేదు. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఎక్కడిదైనా నడుస్తుంది. పైగా వేగం తగ్గించి పెంచుకోవచ్చు, చప్పుడు తక్కువ. 40 వాట్ల పంపు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 29 యూనిట్లు అవుతుంది.

కరెంటు దగ్గర ఇంకాస్త ఆగుదాం, ఎందుకంటే స్కిమ్మర్ వల్ల ఇల్లు తడిసేది కరెంటు పోయి వచ్చినప్పుడే. కరెంటు పోగానే పైకి నీళ్లు పంపే పంపు ఆగుతుంది, పైతొట్టి నీళ్లు కొన్ని సంపులోకి దిగుతాయి, సంపు మట్టం నాలుగు వేళ్లు పెరుగుతుంది. కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ ఎత్తు నీళ్లలోనే మొదలై కప్పు నింపి నేల మీదికి పొర్లుతుంది. పొర్లేది మామూలు నీళ్లు కాదు, రోజుల తరబడి తీసిన మలినం. దీనికి విరుగుడు చిన్నదే. స్కిమ్మర్ పంపు పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేలా టైమర్ రిలే పెట్టించు. మన ఊరి ఎలక్ట్రీషియన్‌కు బాగా తెలిసిన పనే అది. ఇన్వర్టర్ మీద పెడితే పైకి నీళ్లు పంపే పంపూ స్కిమ్మరూ రెండూ పెట్టు, లేదంటే రెండూ తీసెయ్. ఒకటి ఆగి ఇంకొకటి నడవకూడదు. ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది కావాలి. పాత చదరపు వేవ్ ఇన్వర్టర్ల మీద ఏసీ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. రెండు పంపులు, ఒక అలల పంపు కలిపి 150 వాట్లు అనుకుంటే, 12 వోల్టులు, 150 ఏహెచ్ కొత్త బ్యాటరీ ఒకటి ఏడు గంటల దాకా లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లు కూడా దాని మీదే ఉంటే అందులో సగం కూడా రాదు. అందుకని తొట్టికి వేరే బ్యాటరీ పెట్టడం మేలు.

కరెంటు గురించి ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో విను. మనకు ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మామూలు. ఉప్పునీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీలకు అది 6.2కు పడిపోతుంది. అసలే మంచినీళ్ల కంటే ఉప్పునీళ్లలో ఆక్సిజన్ తక్కువ. వేడికి చేపలకూ బ్యాక్టీరియాకూ ఊపిరి ఎక్కువ కావాలి. గంటకు వెయ్యి లీటర్ల గాలిని నీళ్లలో నలగ్గొట్టే స్కిమ్మర్ ఆ పూట మలినం తీయడం కంటే ముందు నీ చేపలకు ఊపిరి పోస్తుంది. మే నెల మధ్యాహ్నం అది నాలుగు గంటలు ఆగితే, మేత తిన్న పెద్ద చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చిల్లర్ కొనేలోపల ఒక మంచి సంగతి గుర్తుపెట్టుకో. మన ఎండ పొడి ఎండ. నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పితే తొట్టి రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. నీళ్లు మాత్రం త్వరగా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు అక్కడే ఉంటుంది, కాబట్టి తగ్గినదాన్ని మంచినీళ్లతోనే నింపాలి.

ఇది మళ్లీ స్కిమ్మర్ దగ్గరికే తెస్తుంది. సూదుల చక్రపు స్కిమ్మర్ ఒక్కొక్కటి ఒక్కొక్క లోతుకు చేసింది. చాలా వాటికి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు. మట్టం ఒక అంగుళం తగ్గితే నురుగు కిందికి దిగిపోతుంది, పెరిగితే నీళ్లే పొర్లుతాయి. మన ఎండకు రోజుకు ఎన్నో లీటర్లు ఆవిరయ్యే తొట్టిలో మట్టం నిలవాలంటే, సంపులో స్కిమ్మర్ నిలబడే గదికి అడ్డుగాజు పెట్టించి లోతు కట్టేయించాలి. ఆవిరైన నీళ్లను భర్తీ చేసే ఆటో టాప్‌ఆఫ్ పక్క గదిలో ఉండాలి. గాజు పనివాళ్లకు సంపు కొలతలు ఇచ్చే ముందే స్కిమ్మర్ ఏదో తేల్చుకోవాలి. అందరూ తొట్టి కట్టించి, ఆపై దానికి సరిపోయే స్కిమ్మర్ కోసం వెతుకుతారు. నువ్వు అట్లా చేయకు. క్యాబినెట్ లోపలి ఎత్తు కూడా చూసుకో. కప్పు పైకెత్తి తీయడానికి స్కిమ్మర్ మీద కనీసం ఐదంగుళాల ఖాళీ ఉండాలి.

ఇప్పుడు ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. స్కిమ్మర్ నీ ఇంటి గాలిని పీల్చి నీళ్లలో కలుపుతుంది. ఇంట్లో ఏం పొగ పెడితే ఆ పొగ తొట్టిలోకి పోతుంది. దోమల బత్తిల్లో, ప్లగ్గులో పెట్టే దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు మనుషుల కంటే చేపలకు, రొయ్యలకు చాలా ఎక్కువ విషం. మీ అమ్మ సాయంత్రం సాంబ్రాణి వేస్తుంది, వేయొద్దని నేననను. కానీ పూజగది పక్క గోడకు తొట్టి పెట్టొద్దు. గాలి గొట్టాన్ని కిటికీ గుండా బయటికి లాగి, కొసకు వల, వంపు పెట్టించు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి, ఏసీ వేసి తలుపులు మూసిన రాత్రుల్లో నీళ్ల పీహెచ్ పడిపోకుండా కూడా అది కాపాడుతుంది. మున్సిపాలిటీ వాళ్లు దోమల పొగ కొట్టే సాయంత్రాలు మాత్రం స్కిమ్మర్ ఓ గంట ఆపెయ్. నీ ఇల్లు బంగారం కరిగించే పనివాళ్ల వీధికి దగ్గర కాబట్టి, గొట్టం కొస ఆ వైపు కాకుండా పెరటి వైపు పెట్టు. ఆమ్లం పొగ స్కిమ్మర్ ముక్కులోకి పోవద్దు. మీ బావ వాళ్లది నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల పక్క ఇల్లు. అక్కడ దుమ్ముకు గాలి గొట్టం త్వరగా మూసుకుంటుంది, కొసకు మెత్తటి స్పాంజి కట్టి వారానికోసారి కడగమను.

నీళ్ల విషయంలో ముగ్గురిదీ ఒకే మార్గం, ఆర్‌ఓ, దాని వెనక మిగిలిన లవణాలను తీసేసే డీఐ ఫిల్టరు. మన కింద ఉన్నది సున్నపురాయి, నాపరాయి. దాంట్లోంచి వచ్చే బోరునీళ్లు గట్టివి. పులివెందుల వైపు కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. ప్రొద్దుటూరు కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. క్యాన్ నీళ్లు తెచ్చి పోస్తే చాలదా అంటావేమో. టీడీఎస్ మీటరు పెట్టి చూడు, తాగడానికి బాగుండే నీళ్లలో కూడా అది సున్నా చూపదు. గట్టి నీళ్లతో రోజూ టాప్‌అప్ చేస్తే ఆ లవణాలు తొట్టిలోనే పేరుకుంటాయి, స్కిమ్మర్ పంపు చక్రానికి తెల్లటి పొలుసు కట్టి గాలి తగ్గిపోతుంది. ఎప్పుడైనా గాలి తగ్గినట్టనిపిస్తే ముందు గొట్టం కొసకు పేరిన ఉప్పును గోరువెచ్చని మంచినీళ్లతో కడుగు. తర్వాత పంపు విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టు. పదిలో తొమ్మిదిసార్లు అంతటితో సరిపోతుంది. ఆర్‌ఓ వదిలేసే వృథా నీళ్లు కాలవలో పోనీకు, బండి కడగడానికో నేల తుడవడానికో వాడుకో.

కొత్త స్కిమ్మర్ మొదటి వారం, పది రోజులు సరిగా నడవదు. తయారీలో అంటిన నూనె పోయి, గోడలకు సన్నటి పొర పట్టేదాకా నురుగు ఒకరోజు పొంగుతుంది, ఒకరోజు రాదు. ఆ రోజుల్లో గంటగంటకూ వాల్వు తిప్పి సరిచేయాలని చూడకు. దాన్ని ఒకచోట పెట్టి అట్లాగే వదిలెయ్. ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి కప్పూ మెడా కడగాలి. మెడకు జిడ్డు పట్టిందంటే నురుగు పైకి ఎక్కలేక కూలిపోతుంది, ఎంత ఖరీదైన యంత్రమైనా అంతే. ఆ కడిగే పని నీది. కోడలి మీద వేయకు. దాని వాసన వంటింటి సింకులో కడగదగింది కాదు. చేతికి కొబ్బరినూనె, సబ్బు లేకుండా చూసుకో. తొట్టిలో మందు వేసినా, రాళ్లు అతికించే ఎపాక్సీ పెట్టినా ఒకటి రెండు రోజులు నురుగు పిచ్చిగా పొంగుతుంది. ఆ పూట స్కిమ్మర్ గాలి తగ్గించు. ఓజోన్ యంత్రం కూడా దానితో కలిపి అమ్మజూస్తారు. పిల్లలున్న హాలులో అది వద్దు, ఆ మాట అక్కడితో వదిలెయ్.

ఒక్క సంగతి మాత్రం నాకు మాట ఇవ్వాలి. కప్పులో తీసిన నల్లనీళ్లు, వారానికి మార్చే వంద లీటర్ల ఉప్పునీళ్లు పెరట్లోనో పొలం గట్టునో పోయొద్దు. చౌడు నేల ఎట్లా ఉంటుందో నీకు కొత్తగా చెప్పాలా? పంట పండే నేలకు ఉప్పు ఎక్కితే ఎంత కష్టపడ్డా వెనక్కి తేవడం కష్టం. పులివెందులలో నీ స్నేహితుడిది చీనీ తోట మధ్య ఇల్లు. నిమ్మజాతి చెట్లు ఉప్పును అసలు ఓర్చుకోలేవు. బోరుకు దగ్గర్లో కూడా ఈ నీళ్లు ఎక్కడా పోయకూడదు. మున్సిపాలిటీ మురుగుకాలవలోకి, ఎక్కువ నీళ్లతో కలిపి వదలండి. తోటలో మురుగుకాలవ లేదంటే, అతను ఆ తోట ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టొద్దు. ఊళ్లో ఇల్లుంటే అక్కడ పెట్టుకోమను.

ఇంత చెప్పాక నీ చేతిలో పని ఇదీ. ముందు క్యాబినెట్ లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలువు. సంపులో స్కిమ్మర్ నిలబెట్టే గది లోతు ఎంత పెట్టించాలనుకుంటున్నావో రాయి. నువ్వు పెంచాలనుకునే చేపల పేర్లు, రోజుకు ఎన్నిసార్లు మేత వేస్తావో రాయి. ఆ కాగితం నాకు పంపితే ఆ నాలుగో రకంలో ఏ సైజు తీసుకోవాలో చూసి చెబుతాను. అంతవరకు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు, అబ్బీ.

మీ పెదనాయన